మారుతున్న జీవనోపాధి - పాఠశాల బాధ్యత
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బై అయిదు సంవత్సరాలు నిండిన ఈ పాఠశాల కార్యాలయంలో పాత ప్రవేశపు రిజిస్టర్లు ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. అట్టలు చినిగినా, సిరా వెలిసినా అక్షరాలు చెదరలేదు. విద్యార్థి పేరు, పుట్టిన తేది, స్వగ్రామం అనే గడుల ప్రక్కన 'తండ్రి వృత్తి' అనే గడి ఒకటి కలదు. సోలాపురం చరిత్రను తెలుసుకోగోరిన వారికి ఆ ఒక్క గడి చాలు. మొదటి పుటలలో వరుసగా 'నేత', 'నేత', 'మిల్లు కార్మికుడు' అని కనిపిస్తుంది. కొన్ని రిజిస్టర్లు దాటిన తరువాత 'సాంచ కార్మికుడు', 'టవల్ కార్ఖానా' అని మారుతుంది. ఇటీవలి పుటలలో 'రిక్షా డ్రైవరు', 'సెక్యూరిటీ గార్డు', 'ప్రైవేటు నౌకరీ' అనే మాటలు ఎక్కువయ్యాయి. తల్లి వృత్తికి మాత్రం చాలాకాలం గడియే లేదు. అది ఏర్పడిన తరువాత కూడా అందులో వ్రాయించిన మాట దాదాపు ఒక్కటే: 'గృహిణి'.

ఆ మాట వ్రాయించిన తల్లులలో ఎందరో అదే రోజు ఉదయం చాట ఒడిలో పెట్టుకొని కూర్చొని, పిల్లవాని పుస్తకాల కొరకు బీడీలు చుట్టి వచ్చినవారే. ఉపాధిని గురించిన ఏ చర్చ అయినా ఈ రెండు గడుల నుండి మొదలుకావడం సమంజసం. పని ఉన్నదా లేదా అనేది ఒక ప్రశ్న. ఆ పని ఎటువంటిది, అది ఎవరి పేర లెక్కకు వస్తున్నది, ఎన్నాళ్లు నిలుస్తుంది అనేది అంతకంటె పెద్ద ప్రశ్న.

సోలాపురంలో తెలుగువారి స్థిరనివాసం మగ్గంతో ముడిపడినది. పంతొమ్మిదవ శతాబ్దంలో తెలంగాణ పల్లెల నుండి పద్మశాలి కుటుంబాలు కరువు బాధకు కొంత, పని ఆశకు కొంత ఈ ఊరు చేరాయి. ఇంటిలోనే మగ్గం, ఇంటిల్లిపాదికీ పని. మగవారు నేస్తే ఆడవారు కండెలు చుట్టేవారు, ఆసు పోసేవారు. 1877లో ఇచ్చట మొదటి బట్టల మిల్లు వెలసింది. తరువాత మరికొన్ని వచ్చాయి. మిల్లు భోంగా మ్రోగితే ఊరు లేచేది. గోఖలే సంస్థకు చెందిన ప్రఖ్యాత ఆర్థికవేత్త ఆచార్య డి. ఆర్. గాడ్గిల్ ఈ పట్టణపు సామాజిక, ఆర్థిక స్థితిగతులను శ్రద్ధగా పరిశీలించి 1965లో ఒక గ్రంథమే వెలువరించారంటే, శ్రమజీవుల నగరంగా దీనికి ఉన్న ప్రాముఖ్యం ఎంతటిదో ఊహించవచ్చు.

అయితే ఆ గ్రంథం వెలువడేనాటికే మొదటి మిల్లు మూతపడింది. అటుపై ఇరవయ్యవ శతాబ్దం ముగిసేలోగా పెద్ద మిల్లులు ఒకటొకటిగా అదే దారి పట్టాయి. మిల్లు కూలితో పాటు భవిష్యనిధి, వైద్య సదుపాయం, సంఘం అండ కూడా ఆ కుటుంబాలకు దూరమయ్యాయి. చేమగ్గాల స్థానాన్ని మరమగ్గాలు ఆక్రమించాయి. సోలాపురం దుప్పటి, టెర్రీ టవలు దేశదేశాలలో పేరు తెచ్చుకొన్నాయి. ఆ పేరు తెచ్చినవి జెకార్డు సాంచాలు. కాని సాంచాలు చిన్న చిన్న కార్ఖానాలలో చెల్లాచెదురుగా ఉండేవి. కూలి నేసిన లెక్కకు ముట్టేది. నియామక పత్రం అరుదు. మిల్లు కార్మికుని కుమారుడు సాంచ నడిపినప్పుడు అతని పని పోలేదు. పనికి ఉన్న రక్షణ పోయింది. ఈ భేదాన్ని రిజిస్టరులోని గడి చెప్పదు.

తరువాత వచ్చిన దెబ్బలు వేరు. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు, 2017 జూలైలో జి.ఎస్.టి., 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వారం వారం నగదుగా కూలి ముట్టే వ్యాపారాలకు ఈ మూడూ కఠిన పరీక్షలయ్యాయి. మరొక వైపు సాంకేతిక పరిజ్ఞానం మారింది. నాడె లేకుండా వేగంగా నేసే కొత్త మగ్గాలు వచ్చినచోట అదే బట్టకు తక్కువ చేతులు చాలును. పాత సాంచ పై నేసినవాడు కొత్త సాంచ ముందు నిలబడాలంటే విద్యుత్తు, ఎలక్ట్రానిక్ పలకలు, కొలతలు తెలిసి ఉండాలి. చేతి నేర్పు ఒక్కటే సరిపోని కాలం ఇది.

సిరిసిల్ల అనుభవం కూడా ఇచ్చట గమనార్హం. సోలాపురంలోని అనేక కుటుంబాలకు బంధుత్వం ఉన్న ఊరు అది. 2017 నుండి తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరెల ఆర్డర్లు ఇచ్చినంతకాలం అచ్చటి సాంచాలకు చేతినిండా పని దొరికింది. 2024లో ఆ ఆర్డరు ఆగినప్పుడు సాంచాలు నిలిచి కార్మికులు అల్లాడారు. ఒకే కొనుగోలుదారును నమ్ముకొన్న ఊరు, ఒకే నేర్పును నమ్ముకొన్న మనిషి - ఇద్దరి కష్టమూ ఒక్కటే.

ఇక స్త్రీల పని సంగతి. మగ్గం ఇంటినుండి కార్ఖానాకు తరలిన తరువాత ఇంట మిగిలిన ఆడవారి చేతులకు బీడీ దొరికింది. తునికాకు, తంబాకు కార్ఖానా నుండి తెచ్చుకొని, ఆకు తడిపి, కత్తిరించి, చుట్టి, దారం కట్టి, తిరిగి కార్ఖానాకు అప్పగించడం. వెయ్యి బీడీల లెక్కన కూలి. నాసిరకమని తీసివేసినవాటికి కూలి ఉండదు, వాటికి పట్టిన శ్రమ మాత్రం చుట్టినవారిదే. దేశంలో ఈ వృత్తిపై ఆధారపడినవారు దాదాపు 50 లక్షలు, వారిలో అత్యధికులు స్త్రీలు. సోలాపురం పూర్వభాగంలో ఇంటింటా కనిపించిన దృశ్యం ఇది. సాంచ ఆగిన వారం ఇల్లు గడిపింది బీడీయే. ఈ సభలో కూర్చున్న వైద్యులు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు అయిన పూర్వ విద్యార్థులలో ఎందరి పరీక్ష రుసుము ఆ చాటలోనుండి వచ్చిందో వారికే తెలుసు. ఆ తల్లుల శ్రమకు శిరస్సు వంచి నమస్కరించడం ఈ ఉత్సవానికి మొదటి ధర్మం.

ఆ శ్రమ ఊరకే పోలేదు. సంఘటితమై పోరాడి సాధించుకొన్నవీ ఉన్నాయి. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. కుంభారి వద్ద బీడీ కార్మిక స్త్రీలకు కట్టిన 10,000 ఇండ్లను 2006లో ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. అదే కుంభారిలో అసంఘటిత కార్మికుల కొరకు తలపెట్టిన రేనగర్‌లో 15,000 ఇండ్లను 2024 జనవరి 19న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ అంకితం చేశారు. బీడీ చుట్టిన చేతికి తన పేర ఇంటి తాళంచెవి దక్కడం చిన్న విషయం కాదు.

అయినా ఒక సత్యాన్ని దాచరాదు. బీడీ కూతురికి వారసత్వంగా ఇవ్వదగిన వృత్తి కాదు. తంబాకు ధూళి ఊపిరితిత్తులను, వంగిన కూర్పు వెన్నును, సన్నని పని కళ్లను పాడుచేస్తాయి. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం, 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలాలలో ధూమపాన నిషేధం ప్రజారోగ్యం కొరకు వచ్చినవి. అవి అవసరమైనవే. ధూమపానం తగ్గవలెనని కోరే సమాజం బీడీ పని పెరగవలెనని కోరజాలదు. సంక్షేమ నిధికి ఆధారమైన పన్ను 2017లో రద్దయి, పిల్లల ఉపకార వేతనాల వంటివి ప్రభుత్వ బడ్జెటుపై ఆధారపడ్డాయి. ఇన్ని తెలిసికూడా ఎనిమిదవ తరగతి ముగియగానే చురుకైన ఆడపిల్లను బడి మాన్పించి చాట చేతికి ఇవ్వడం, మునిగే పడవకు ముందుగా బిడ్డను ఎక్కించడం వంటిది.

ఇప్పుడు దేశం మొత్తపు లెక్కలు చూడవచ్చు. కేంద్ర ప్రభుత్వపు శ్రామికశక్తి సర్వేలు 2017-18 నుండి ప్రతి సంవత్సరం వెలువడుతున్నాయి. వాటి ప్రకారం పదిహేనేండ్లు దాటినవారిలో నిరుద్యోగం 2017-18లో 6 శాతం ఉండగా 2023-24లో 3.2 శాతానికి తగ్గింది. పనిచేస్తున్న, లేదా పని వెదుకుతున్న స్త్రీల నిష్పత్తి అదే కాలంలో 23.3 శాతం నుండి 41.7 శాతానికి పెరిగింది. వినడానికి సంతోషకరమైన వార్తలే.

ఉపాధ్యాయులకు మాత్రం ఇటువంటి శాతాలతో చాలాకాలపు పరిచయం ఉంటుంది. తరగతిలో తొంభై శాతం ఉత్తీర్ణులయ్యారంటే ఆనందమే. అయితే వారిలో ఎందరు ముప్పై అయిదు మార్కుల గీత పై నిలబడ్డారో చూసినప్పుడే తరగతి నిజస్థితి తెలుస్తుంది. ఉపాధి లెక్క కూడా అంతే. ఈ సర్వేలో సంవత్సరంలో ముప్పై రోజులు పనిచేసినవారు కూడా పనివారుగానే లెక్కకు వస్తారు. ఇంటి వ్యాపారంలో కూలి లేకుండా సాయపడేవారూ పనివారే. 2023-24లో పనిచేసే స్త్రీలలో 67.4 శాతం స్వయం ఉపాధిలో ఉన్నారు. అందులోనూ కుటుంబపు పనిలో జీతం లేని సహాయకులుగా ఉన్నవారే మొత్తం స్త్రీ శ్రామికులలో 36.7 శాతం. అనగా ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా పనిచేస్తున్నారు, తమ చేతికి డబ్బు మాత్రం రాదు. నెలజీతం పై ఉన్నవారి వాటా స్త్రీ పురుషులందరిలో కలిపి 2017-18లో 22.8 శాతం, 2023-24లో 21.7 శాతం. ఉపాధి పెరిగినది నిజం. నెల తిరిగేసరికి జీతం అందే ఉపాధి వాటా పెరగలేదన్నదీ నిజం.

వ్యవసాయపు వాటా మరొక ఆశ్చర్యం. దేశం ముందుకు సాగేకొలదీ పొలం నుండి కార్ఖానాకు, కార్యాలయానికి జనం తరలడం ప్రపంచమంతటా కనిపించే క్రమం. భారతదేశంలో 2018-19లో 42.5 శాతానికి దిగిన వ్యవసాయపు వాటా లాక్‌డౌన్ తరువాత మళ్లీ పెరిగి, 2023-24లోనూ 46.1 శాతంగా ఉన్నది. తయారీ పరిశ్రమల వాటా అప్పుడు 11.4 శాతమే. పట్నంలో పని పోయినవారు పల్లెకు తిరిగి, ఉన్న కొద్దిపాటి భూమిలో తామూ చేయి వేశారు. అది పనే. కాని పంచుకొన్న పని, పెరిగిన పని కాదు.

చదువుకొన్నవారి విషయం తల్లిదండ్రులను ఎక్కువగా కలవరపెట్టేది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022లో పట్టభద్రులైన యువతలో 29.1 శాతం నిరుద్యోగులు. చదవడం, వ్రాయడం రాని యువతలో అది 3.4 శాతమే. దీనిని చూసి "చదివించి ఏం లాభం, చదవనివాడే నయం" అనేవారు ఉన్నారు. ఆ అర్థం పొరపాటు. చదువులేని పేదవాడు పనిలేకుండా ఒక్క వారమైనా కూర్చోలేడు. దొరికిన పని, దొరికిన కూలికి చేస్తాడు, కనుక నిరుద్యోగి జాబితాకు ఎక్కడు. పట్టభద్రుడు తన చదువుకు తగిన పని కొరకు వేచి ఉంటాడు, కనుక లెక్కకు వస్తాడు. లోపం చదువులో లేదు. చదువుకు తగిన పనులు తక్కువ కావడంలో ఉన్నది. పట్టాకూ, చేతి నేర్పుకూ మధ్య ఏర్పడిన అగాధంలో ఉన్నది.

ఈ ఊరి యువకులు పుణే వెళ్లి చేస్తున్న కొత్త పనులలో ఇంటింటికి సరుకులు, భోజనం చేరవేసేది ఒకటి. ఫోనులోని ఆప్ ద్వారా పని, ఆప్ ద్వారా కూలి. నీతి ఆయోగ్ 2022 నివేదిక 2020-21లో ఇటువంటివారు దేశంలో 77 లక్షలని అంచనా వేసి, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలకు పెరుగుతారని చెప్పింది. పరిశీలించి చూస్తే ఈ కొత్త పనికి, తల్లి చేసిన బీడీ పనికి పోలిక కనిపిస్తుంది. ఇద్దరికీ ముక్క లెక్కన కూలి. ఇద్దరి పనిముట్లూ వారివే: ఆమెకు చాట, కత్తెర, అతనికి మోటారుసైకిలు, ఫోను. ఇద్దరికీ యజమాని ముఖం కనిపించదు. జబ్బు చేసిన రోజున ఇద్దరికీ కూలి లేదు. వేషం మారింది, వరుస మారలేదు.

చట్టం ఈ మార్పును గుర్తించడం మొదలుపెట్టింది. పాతవైన 29 కేంద్ర కార్మిక చట్టాల స్థానంలో వచ్చిన నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చాయి. కార్మికులందరికీ నియామక పత్రం, అన్ని రంగాలకూ కనీస వేతనం, ఆప్‌ల ద్వారా పనిచేసేవారికి సామాజిక భద్రత అందులో చెప్పినవి. కొన్ని అంశాలపై కార్మిక సంఘాలకు తీవ్రమైన అభ్యంతరాలూ ఉన్నాయి. ఏమైనా, కాగితం పై ఉన్న హక్కు అడిగినవారికే దక్కుతుంది. అడగాలంటే చదవగలగాలి.

ఇక పాఠశాల చేయదగినది ఏమిటి? ఉద్యోగాలు సృష్టించడం పాఠశాల పని కాదు. ఏ పని పోయినా మరొకటి నేర్చుకోగల మనిషిని తయారుచేయడం దాని పని. నేత పోయినప్పుడు, మిల్లు పోయినప్పుడు, సాంచ తగ్గినప్పుడు నిలదొక్కుకొన్నది ఎవరు? లెక్క తెలిసినవారు, నాలుగు భాషలు మాట్లాడగలిగినవారు, కొత్త యంత్రం పుస్తకం చదివి అర్థం చేసుకోగలిగినవారు. తెలుగు మాధ్యమం ఇందుకు అడ్డు కాదు. మాతృభాషలో గణితం, విజ్ఞానం చక్కగా బోధపడిన పిల్ల ఇంగ్లీషు పదాలను తరువాత నేర్చుకొంటుంది. అర్థం కాకుండా బట్టీపట్టిన పిల్లకు ఏ భాషా ఆదుకోదు. అయితే తెలుగుతో పాటు మరాఠీ ధారాళంగా, ఇంగ్లీషు భయం లేకుండా వచ్చేటట్లు చూడడం ఉపాధ్యాయుల బాధ్యత. అందులో కొరత ఉంటే అది భాషది కాదు, బోధనది.

తల్లిదండ్రులకు విన్నపం ఒకటి. ఏ పిల్లనూ, ముఖ్యంగా ఆడపిల్లను, పదవ తరగతి పూర్తికాకుండా పనికి పంపవద్దు. ఆ తరువాత కూడా డిగ్రీ ఒక్కటే దారి అనుకోవద్దు. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, నర్సింగు, జీతం ఇస్తూ పని నేర్పే అప్రెంటిస్ శిక్షణ - ఇవన్నీ గౌరవప్రదమైన మార్గాలే. ఈ ఊరిలో పాఠశాల యూనిఫారాలు కుట్టే పరిశ్రమ పెరిగింది. అందులో కుట్టేవారితో పాటు నమూనాలు గీసేవారు, లెక్కలు వ్రాసేవారు, యంత్రాలు బాగుచేసేవారు కావాలి. ఆ స్థానాలు ఆడపిల్లలకు అందనివి కావు.

పిల్లలకు ఏ పని దొరికినా నాలుగు ప్రశ్నలు అడగవలెను. కూలి తన పేర, తన ఖాతాలో పడుతున్నదా? నియామక పత్రం ఉన్నదా? జబ్బుకు, వార్ధక్యానికి ఏదైనా రక్షణ ఉన్నదా? ఈ పనిలో నేర్చుకొన్నది రేపు మరొకచోట పనికివస్తుందా? నాలుగింటికీ అవునని జవాబు రాకపోయినా, ఏది లేదో తెలిసి చేరడం వేరు, తెలియక చేరడం వేరు.

పూర్వ విద్యార్థుల నుండి పాఠశాల ఆశించేది విరాళం ఒక్కటే కాదు. సంవత్సరానికి ఒక పూట. తొమ్మిదవ, పదవ తరగతుల పిల్లల ముందు కూర్చొని తమ వృత్తి ఏమిటో, దానిలోకి ఎట్లా వచ్చారో, మొదటి జీతం ఎంతో, ఎక్కడ తప్పటడుగు వేశారో చెప్పగలిగితే చాలు. తమ సంస్థలలో శిక్షణకు అవకాశం ఉన్నప్పుడు ఒక చీటీ వ్రాసి పంపితే చాలు. బంధువర్గంలో ఉద్యోగస్థులు లేని పిల్లకు ఆ ఒక్క మాట ద్వారం తెరుస్తుంది.

చివరగా ఒక చిన్న మార్పు. రాబోయే విద్యాసంవత్సరపు ప్రవేశ పత్రాలు నింపేటప్పుడు తల్లి వృత్తి అనే గడిలో అలవాటుగా 'గృహిణి' అని వ్రాయించవద్దని తల్లులకు మనవి. బీడీ చుట్టేవారు అట్లే వ్రాయించండి. కుట్టుపని, ఇంటిపని, టవళ్ల మడత పని, ఏది చేస్తే అది వ్రాయించండి. దానివలన సిగ్గుపడవలసినది ఏమీ లేదు. లెక్కకు రాని శ్రమకు కూలి అడిగేవారుండరు, రక్షణ అడిగేవారుండరు. ఈ పాఠశాల శతజయంతి జరుపుకొనేనాడు ఆ రిజిస్టర్లు తెరిచి చూసేవారికి ఇప్పటి తల్లులు ఏం చేసి పిల్లలను చదివించారో తెలియవలెను. వారి కుమార్తెల పేర్ల ఎదుట ఆనాడు మరొక మాట వ్రాసి ఉండవలెను.

స్వస్తి.